కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన పని చాలావరకు కుంట చుట్టే తిరిగింది. వీధిదీపాలు, కుక్కల బెడద, వినాయక మండపం ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది.

కుంటలో గుర్రపుడెక్క ఎందుకు ఇంతగా పెరుగుతోందని చాలామంది అడిగారు. పై గల్లీల్లో ఇంటింటికీ బోరు, రెండు మూడు బాత్‌రూములు, వాషింగ్ మెషిన్లు. వాడిన నీళ్లన్నీ మోరీల్లో పడి పల్లానికి పోతాయి. వాటిలోని నత్రజని, భాస్వరమే ఆ మొక్కకు ఎరువు. అది నీటిని కప్పేస్తే లోపల ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. దోమలు, కంపు మాత్రం కిరాయి తక్కువని కుంట పక్కన చేరిన అడ్డా కూలీలకు. అయినా జూలై మీటింగులో "కుంటను పాడుచేసేది వాళ్లే" అనే మాట వచ్చింది. డ్రమ్ములో పట్టుకున్న నల్లా నీళ్లతో రోజంతా గడిపే ఇల్లు మోరీలోకి వదిలేదెంత? ఆ మాటను కార్యవర్గం ఒప్పుకోలేదు.

25 ఎకరాలలోపు కుంటకు ఎఫ్‌టీఎల్ గీత (కుంట పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 9 మీటర్ల దాకా ఇల్లు కట్టకూడదు. సరిగ్గా ఆ జాగానే నోటరీ కాగితం మీద చవగ్గా అమ్ముతున్నారు, కొనేది లేనోళ్లు. రేపు మునిగినా, కూల్చినా నష్టం వాళ్లదే. అమ్మినవాడు అప్పటికి ఇంకో వెంచర్‌లో ఉంటాడు. హద్దురాళ్లు పాతాలని అర్జీ ఇచ్చాం, సర్వే ఇంకా జరగలేదు.

వానాకాలంలో వేప, కానుగ మొక్కలు నాటాం. పై గల్లీల్లో చాలావరకు బతికాయి, కింద ఎండాకాలం దాటలేదు. తెల్లవారకముందే అడ్డాకు పోయేవాళ్లను మొక్కకు నీళ్లు పోయమంటే ఎట్లా? అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో కూడా ఆదాయం ఎక్కువున్న పేటల్లోనే మొక్కల రకాలు ఎక్కువని 2003లో తేల్చారని మన కాలనీ రిటైర్డ్ లెక్చరర్ సారు చెప్పారు. పిల్లలమర్రి చెట్టుకు 2018లో సెలైన్ సీసాలతో పురుగుమందు ఎక్కించి కాపాడుకున్న పాలమూరు మనది, కింది గల్లీకి వారానికో ట్యాంకర్ పెద్ద లెక్క కాదు. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే ఖర్చుపెట్టాలి. అందులోంచి మన వార్డుకు ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అడిగాం.

వచ్చే సర్వసభ్య సమావేశానికి రెండు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, అందరికీ ఒకే చందా కాకుండా అంతస్తులు, బోర్లను బట్టి చందా. దీని మీద గొడవ ఖాయం, తెలిసే పెడుతున్నాం. రెండోది, కిరాయిదారులకు కూడా సభ్యత్వం, ఓటు. ఇప్పటి నిబంధనల ప్రకారం ఇంటి ఓనర్లకే ఓటు కాబట్టి, కుంట పక్కన ఉండేవాళ్లలో చాలామందికి కుంట మీద మాట్లాడే హక్కు లేదు. అభ్యంతరాలు ఉంటే కార్యదర్శికి వారం ముందే రాసి ఇవ్వగలరు.

కార్యవర్గం, మహబూబ్‌నగర్