నోటరీ ముద్ర ఒక్కటే చాలదు

సంపాదకులకు,

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. దుబాయ్‌లో ఏసీ మెయింటెనెన్స్ ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్ అటెస్ట్ చేయించమని కంపెనీ అడిగితే, జగిత్యాల కోర్టు దగ్గర జిరాక్స్ మీద నోటరీ చేయించి, ఆ ఎర్ర సీలు చూసుకుని పనైపోయిందనుకున్నాను. పది రోజుల తర్వాత కాగితం తిరిగొచ్చింది.

ఒరిజినల్‌నే చూపించాలట! ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయం. అక్కడికి చేరాక వాళ్ల విదేశాంగ శాఖది మరొకటి. నోటరీ చెప్పేది ఈ జిరాక్స్ అసలుకు నకలేనని మాత్రమే, చదువు నిజమైనదని కాదు. ఈ ముక్క ఆ కోర్టు దగ్గర ఎవరూ చెప్పలేదు, డబ్బులు మాత్రం తీసుకున్నారు.

ఒమన్ వెళ్లిన మా మేనబావకు రాయబార కార్యాలయం గొడవే లేదు. రాయబార ముద్ర లేకుండానే ఒకరి కాగితాలు ఒకరు ఒప్పుకునే హేగ్ ఒప్పందంలో ఆ దేశం ఉంది, మనం 2005లో చేరాం. అందుకని మన విదేశాంగ శాఖ అంటించే అపోస్టిల్ అనే ధ్రువీకరణ స్టిక్కర్‌తో సరిపోయింది. దానికి విదేశాంగ శాఖ రుసుము 50 రూపాయలే. నాకు ఏజెంటు చెప్పిన ప్యాకేజీ మాత్రం వేలల్లో ఉంది. ఏ మెట్టుకి ఎంతో అడిగితే "అదంతా మీకెందుకన్నా" అన్నాడు. వీసా గడువు టెన్షన్‌లో కట్టేశాను.

మా జిల్లాలో గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని ఇల్లు తక్కువ. పాలిటెక్నిక్ కాలేజీలు సర్టిఫికెట్ చేతికిచ్చే రోజే ఈ వరుస, అసలు రుసుములు రాసిన కాగితం ఒకటి జత చేస్తే బాగుంటుంది. కలెక్టరేట్‌లోనూ అదే అతికించండి, తెలుగులో.

ఒక పాఠకుడు, జగిత్యాల