మైదాన్ ట్రామ్‌కు ఒక పని బండి కావాలి: పశ్చిమ బెంగాల్ రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను ఖరగ్‌పూర్ తెలుగువాణ్ణి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉద్యోగం కోసం అక్కడికి వెళ్లి, అక్కడే స్థిరపడిన కుటుంబాల్లో మాదీ ఒకటి. మా నాన్న పట్టాల గ్యాంగులో పనిచేశారు. అందుకేనేమో, ఎక్కడ ట్రామ్ కనబడినా నా చూపు ముందు దాని కింది పట్టాల మీదికే పోతుంది. ఈ లేఖ బంగ్లా ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. మావాళ్లూ చదవాలని తెలుగులో రాస్తున్నాను.

కోల్‌కతా నడిబొడ్డున ఉన్న ఎస్‌ప్లనేడ్ నుంచి, మైదాన్ అనే పెద్ద పచ్చిక మైదానం వరకు ఒక్క వారసత్వ మార్గాన్ని ఉంచి మిగతా ట్రామ్‌లన్నీ ఆపేస్తామని 2024 సెప్టెంబరులో మీ ప్రభుత్వం ప్రకటించింది. 1873లో గుర్రాలతో, 1902లో కరెంటుతో ట్రామ్ నడిపిన ఊరికి ఇంతేనా అని నాకూ బాధే. ఆ వాదన చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను దాని జోలికి పోను. మిగిల్చిన ఆ ఒక్క మార్గానికైనా పని బండి ఒకటి, అంటే ప్రయాణికులు ఎక్కని, పట్టాల బాగోగులు చూసే బండి ఉండాలి. నేను అడిగేది ఇంతే.

అలాంటి బండి ఎందుకో చెప్పడానికి ఒక ఉదాహరణ: అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్ చార్లెస్ ట్రామ్ లైను ఉంది. 1835లో మొదలైంది, 1893లో కరెంటు వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. ఫొటోల్లో కనిపించే ఆకుపచ్చ బండ్లు 1923–24 నాటివి. వాటికంటే దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది 29వ నంబరు బండి. 1890లలో ఫోర్డ్, బేకన్ అండ్ డేవిస్ అనే ఇంజినీర్ల సంస్థ రూపొందించిన నమూనా అది. చిన్న బండి, నాలుగే చక్రాలు. ఆ రకం బండ్లు ఒకప్పుడు ఆ ఊరి వీధుల నిండా తిరిగేవి. పెద్ద బండ్లు వచ్చాక అన్నీ పోయాయి. 29 మాత్రం పనికొచ్చింది కాబట్టి బతికింది. దాన్ని ఇసుక బండిగా మార్చారు.

ట్రామ్‌కు ఇసుకతో పనేమిటని మా మేనల్లుడు కూడా అడిగాడు. సెయింట్ చార్లెస్ వీధి పొడవునా పెద్ద పెద్ద ఓక్ చెట్లుంటాయి. ఆ జాతి చెట్లకు పాత ఆకులు రాలేది వసంతంలో. పట్టా మీద పడ్డ ఆకును చక్రం నలిపేస్తే నల్లటి జిగట పొర అంటుకుంటుంది. దాని మీద నాలుగు చినుకులు పడ్డాయంటే బ్రేకు వేసినా బండి జారుతూనే ఉంటుంది. పైగా తీగలోంచి వచ్చిన కరెంటు తిరిగి వెళ్లేది పట్టాల గుండానే, దానికీ ఆ పొర అడ్డం. ఇసుక చల్లితే చక్రానికి పట్టు దొరుకుతుంది. మామూలు బండ్లలోనూ కాస్త ఇసుక పెడతారు, డ్రైవరు అవసరమైన చోట వదులుతాడు. లైను మొత్తానికి కావాలంటే ప్రత్యేకంగా ఒక బండి తిరగాల్సిందే. ఆ వీధిలో ఆకులొక్కటే అనుకోకండి. మార్డి గ్రా అనే పండగ ఊరేగింపుల్లో పూసల దండలు విసురుతారు. అయిదు బ్లాకుల మేర మురుగు కాలువల్లోంచి దాదాపు 42 టన్నుల పూసలు తీశామని 2018లో ఆ నగరం ప్రకటించింది!

2005లో కత్రినా తుపాను ఆ లైను కరెంటు తీగల్ని నాశనం చేసింది. ఆకుపచ్చ బండ్లు షెడ్డులో భద్రంగా ఉన్నాయి, కానీ మార్గమంతా మళ్లీ తెరిచేసరికి 2008 జూన్ అయింది. బండ్లుంటే సరిపోదని అంతకంటే ఎలా చెప్పాలి?

కోల్‌కతాకు ఇది కొత్త సంగతి కాదు. 2020 మేలో అంఫాన్ తుపానుకు మైదాన్‌లో చెట్లు కూలి తీగలు తెగాయి. ఎస్‌ప్లనేడ్ నుంచి ఆ దారిన ఖిదిర్‌పూర్ వెళ్లే ట్రామ్ ఆనాడు ఆగింది, మళ్లీ కదల్లేదు. 1902లో తొలి ఎలక్ట్రిక్ ట్రామ్ నడిచింది ఆ దారిలోనే. ఇప్పుడు వారసత్వ మార్గమని మీరు చెబుతున్నదీ ఆ చెట్ల నీడలోనే ఉంది. వానాకాలంలో ఆకులు, బురద, విరిగిన కొమ్మలు తప్పవు. రథానికి రంగులేసి వీధిలో గోతులు వదిలేసినట్టు కాకూడదు.

కాబట్టి కోల్‌కతా ట్రామ్‌ల నోనాపుకుర్ వర్క్‌షాపులో గానీ, డిపోల్లో గానీ పట్టాలు కడగడానికో, సామాను మోయడానికో, తీగలు బాగుచేయడానికో వాడిన పాత బండ్లు ఏవైనా ఉంటే ముందు జాబితా రాయించండి. తుక్కు వేలం ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు వాటిని పక్కన పెట్టించండి. ఒకదాన్ని బాగుచేయించి మైదాన్ లైనుకు ఇవ్వండి, మ్యూజియానికి వద్దు. దాన్ని నడపడం, పట్టాలు సరిచేయడం తెలిసిన కార్మికులు రిటైరయ్యేలోపు నలుగురు కుర్రాళ్లకు వాళ్ల దగ్గర పని నేర్పించండి.

మద్రాసులో 1895లో మొదలైన దేశపు తొలి ఎలక్ట్రిక్ ట్రామ్ 1953లో ఆగిపోయింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాదే అది, మావాళ్ల గొడవంతా అప్పుడు ఆ ఊరు ఎవరిదన్న దాని మీదే. ట్రామ్ గురించి అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. ఈసారి అడుగుతున్నాం. ఆ జాబితా ఎప్పటిలోగా తయారవుతుందో తేదీ చెప్పగలరా?

ఇట్లు,
ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబానికి చెందిన ఒక తెలుగువాడు