కెమెరా మార్చే ముందు అప్‌లోడ్ స్పీడ్ అడగండి

సంపాదకులకు నమస్కారం.

పండగ సెలవులు వస్తున్నాయంటే చాలు, ఊరెళ్లేవాళ్లు ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించుకోవాలని పోలీసులు చెప్తుంటారు, పత్రికలూ రాస్తుంటాయి. మంచి మాటే. పెట్టించుకున్నాక ఆ బొమ్మ ఫోన్‌కు సరిగ్గా అందుతోందా లేదా అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను నల్లగొండలో ఇళ్లకు, దుకాణాలకు కెమెరాలు బిగిస్తాను. నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "అన్నా, కెమెరా స్ట్రక్ అయితాంది, జర వచ్చి చూడు" అన్నవే.

మా దగ్గర ఏ వీధికెళ్లినా పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ఇంట్లో పెద్దవాళ్లు మిగిలి ఉంటారు. దొంగల భయం కంటే అమ్మ లేచిందా, నాన్న మందులేసుకున్నాడా అని చూసుకోవడానికే కెమెరాలు పెట్టిస్తున్నారు. అలాంటి ఒక ఇంట్లో, తల్లి వరండాలో కుర్చీకి వాలి కదలకుండా ఉన్నట్టు పరాయి దేశంలో ఉన్న కొడుక్కు కనిపించింది. ఎంతసేపు చూసినా అదే బొమ్మ. టెన్షన్ పట్టలేక పక్కింటివాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్లు పరుగున వెళ్లేసరికి ఆమె వంటింట్లో జొన్నరొట్టెలు చేసుకుంటోంది. ఫోన్‌లో బొమ్మ మూలన టైమ్ 6:42 దగ్గరే ఆగిపోయి ఉంది, అప్పటికి ఏడు దాటింది.

నేను వెళ్లేసరికి వాళ్లకు ఎవరో 5 మెగాపిక్సెల్ కెమెరా కొనుక్కోమని చెప్పి ఉన్నారు. అది పెట్టి ఉంటే బొమ్మ బరువెక్కి ఇంకా ఎక్కువ ఆగేది. కెమెరాల బొమ్మను రికార్డు చేసే పెట్టె, అదే డీవీఆర్‌కు కలిపిన టీవీలో బొమ్మ ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. అంటే కెమెరాకు ఏ రోగమూ లేదు. రూటరేమో మేడ మీద అద్దెవాళ్ల గదిలో ఉంది, డీవీఆర్ కింద పడకగదిలో ఉంది. మధ్యలో పాతకాలపు రాతిగోడ. సిగ్నల్ అందడం లేదని, వైఫైని అందుకుని ముందుకు పంపే రిపీటర్ ఒకటి ప్లగ్గులో పెట్టారు. ఒకే బ్యాండ్ మీద అందుకుని, అదే బ్యాండ్ మీద పంపే రిపీటర్‌తో స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది. దాన్ని పీకేసి మేడ మీది నుంచి డీవీఆర్‌కు ల్యాన్ వైరు దింపాను. ఆ వైరు 100 మీటర్ల దాకా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తుంది. ఫోన్‌కు సబ్ స్ట్రీమ్, అంటే స్పష్టత తగ్గించిన తేలికపాటి బొమ్మ, వెళ్లేలా పెట్టాను. ఖర్చు వైరుకైనంతే.

ఇక్కడ జనానికి తెలియాల్సింది ఒకటుంది. మనం ఫోన్‌లో సినిమా చూసేటప్పుడు ఇంట్లోకి వచ్చేది డౌన్‌లోడ్. బయటి నుంచి ఇంటి కెమెరా చూసేటప్పుడు మాత్రం ఇంట్లోంచి బొమ్మ బయటకు వెళ్లాలి. అది అప్‌లోడ్. 2 మెగాపిక్సెల్ కెమెరా వీడియోను కుదించే పాత పద్ధతి హెచ్.264లో పూర్తి నాణ్యతతో వెళ్లాలంటే సుమారు 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) కావాలి. నాలుగు కెమెరాలు ఒకేసారి తెరిస్తే 16. కొత్త పద్ధతి హెచ్.265 పెడితే ఇంచుమించు సగం చాలు. సబ్ స్ట్రీమ్ అయితే ఒక్కో కెమెరాకు అర ఎంబీపీఎస్ సరిపోతుంది. హార్డ్ డిస్కులో రికార్డింగ్ మాత్రం పూర్తి స్పష్టతతోనే ఉంటుంది కాబట్టి నష్టం ఏమీ లేదు. బిగించినవాళ్లు ఈ సెట్టింగ్ చేసి, ఇంటివాళ్లకు చూపించి వెళ్లాలి. చాలామంది చేయరు. డబ్బులు తీసుకున్న పనిని సగంలో వదిలేయడం కిందే లెక్క ఇది.

బోరు మోటార్ల దగ్గర సిమ్ కెమెరాలు పెట్టుకుంటున్న రైతుల బాధ వేరు. స్టార్టర్లు, కాపర్ వైర్లు పోతాయని భయపడి పెట్టుకుంటారు. రోజుకు 1.5 జీబీ ప్లాన్ వేయించి, లైవ్ తెరిచి అలాగే ఉంచుతారు. 1 ఎంబీపీఎస్ మీద ఎడతెగకుండా నడిస్తే ఆ డేటా మూడున్నర గంటల్లోపే అయిపోతుంది. చీకటి పడేసరికి స్పీడు పడిపోయి కెమెరా మూగబోతుంది. కదలిక ఉన్నప్పుడే ఫొటో పంపేలా పెట్టుకుంటే రాత్రికి డేటా మిగులుతుంది.

వైరు సంగతి కూడా చెప్పాలి. రాత్రిపూట మాత్రమే బొమ్మ పోతోందంటే చాలాసార్లు తప్పు వైరుదే. చీకట్లో కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న నాసిరకం 3+1 కేబుల్‌ను (బొమ్మకు ఒక తీగ, కరెంటు వగైరాకు మూడు) దూరం లాగితే 12 వోల్టులు చివరిదాకా అందవు. కెమెరా ఆగి మళ్లీ లేస్తుంటుంది. బ్లేడుతో తీగను గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు.

కేంద్ర టెలికాం శాఖ 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. అది డౌన్‌లోడ్‌కు మాత్రమే. ఆ నిర్వచనంలో అప్‌లోడ్ ఊసే లేదు. కొన్ని ప్లాన్లలో రెండూ సమానంగా ఇస్తారు, కొన్నింటిలో అప్‌లోడ్ నామమాత్రం. కరపత్రంలో కనిపించేది ఒక్క పెద్ద అంకె. ముసలి తల్లిదండ్రుల కోసం నెలనెలా డబ్బు కట్టేవాళ్లకు రెండో అంకె తెలుసుకునే హక్కు లేదా? నిర్వచనంలో అప్‌లోడ్‌కూ కనీస వేగం పెట్టాలి. ప్రతి ప్లాన్ మీద, రసీదు మీద దాన్ని తెలుగులో అచ్చు వేయించాలి. కెమెరాలు బిగించే మేమూ ఏ వైరు వాడామో బిల్లులో రాసివ్వాలి. నేను రాసిస్తున్నాను. టీ-ఫైబర్‌తో ఊళ్లకు ఇంటర్‌నెట్ ఇస్తామంటున్న రాష్ట్ర ప్రభుత్వం ఈ పద్ధతిని తన కనెక్షన్ల నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

- ఒక సీసీ కెమెరా టెక్నీషియన్, నల్లగొండ