వార్షిక నివేదిక: నడక ఒక్కటే చాలదని తెలుసుకున్న ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "రోజూ గంటసేపు నడుస్తున్నాను. అయినా సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది, ఎందుకని?" అని అడిగారు. కార్యవర్గంలో ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఈ ఏడాది మన పని చాలావరకు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

నడకను తక్కువ చేయడం లేదు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లిచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లోనే చూపింది. కానీ వయసుతో తరిగిపోయే తొడ కండను నిలబెట్టడానికి నడక ఒక్కటే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 65 దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం 2 రోజులు కండబలం పెంచే వ్యాయామం, 3 రోజులు బ్యాలెన్స్‌కు పనికొచ్చేవి కావాలి. మనలో చాలామంది మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాం, ఈ కార్యదర్శితో సహా.

అందుకే ఉదయం నడక తర్వాత కుర్చీ వ్యాయామం మొదలుపెట్టాం. చేతులు గుండెల మీద కట్టుకుని లేవడం, మళ్లీ కూర్చోవడం, అంతే. కూర్చునేటప్పుడు ధబీమని కూలబడకుండా నెమ్మదిగా దిగడంలోనే అసలు కష్టం ఉంది. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచామో ఎవరి లెక్క వారే రాసుకున్నారు. పక్కవారి పుస్తకంలోకి తొంగి చూడవద్దని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది! గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం, మడమకు వేళ్లు తగిలేలా అడుగులేయడం మొదట నవ్వులాటగానే సాగాయి. తూలడం మొదలయ్యాక నవ్వు ఆగింది.

"ఈ వయసులో కండేం పెరుగుతుంది?" అన్నవారికి ఒక్క మాట. బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో తొంభై ఏళ్ల ప్రాయంలో ఉన్నవారికి 8 వారాలు బరువులతో సాధన చేయించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రచురించారు.

పోయేది మాత్రం ఇంకా త్వరగా పోతుంది. జ్వరంతో రెండు వారాలు మంచాన ఉన్న ఒక సభ్యుడు తిరిగొచ్చేసరికి ఆయన లెక్క సగానికి పడింది. లేవడం తేలికయ్యేలా ఎత్తయిన కుర్చీతో మళ్లీ మొదలుపెట్టించాం.

మా వైపు లోపమూ ఉంది. మొదటి వారం ఉత్సాహంలో అందరితో ఎక్కువసార్లు చేయించి, ఒళ్లునొప్పులు తెప్పించి, కొందరిని దూరం చేసుకున్నాం. ఇప్పుడు అయిదుసార్లతో మొదలుపెట్టి పెంచుతున్నాం. గుండెజబ్బు ఉన్నవారు, కీళ్లమార్పిడి అయినవారు డాక్టర్ని అడిగాకే చేరాలి. ఎవరూ ఊపిరి బిగబట్టకూడదు. ఛాతీలో నొప్పి వచ్చినా, తల తిరిగినా వెంటనే ఆపేయాలి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాది, బయటికి రాలేని సభ్యుల ఇళ్లకే వెళ్లి ఇవి నేర్పాలన్నది కార్యవర్గం ప్రతిపాదన. ఇందుకు ముందుకొచ్చేవారు సమావేశంలో పేర్లు ఇవ్వగలరు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు ఇప్పుడు చేతులు ఆనించకుండానే లేస్తున్నారు. మోకాలి నొప్పి మాత్రం పూర్తిగా పోలేదని, అది కూడా నివేదికలో రాయమని ఆమే చెప్పారు.

ఇట్లు,
కార్యదర్శి