వార్షిక నివేదిక: లివర్ జబ్బుల ట్రయల్స్ మీద ఈ ఏడాది మనం చేసిన పని

రోగులూ వాళ్ల ఇంటివాళ్లూ కలిసిన మన సంఘ సభ్యులందరికీ నమస్కారం.

కొత్త మందుల ట్రయల్స్‌లో చేరినవాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు? ఈ ఏడాది మన పనంతా దాదాపు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మందంటే భయమేమో అనుకుని మొదలుపెట్టాం. సభ్యులు నోరు విప్పాక తేలింది వేరు: మందుకన్నా బయాప్సీకి (సూదితో లివర్ ముక్క తీసే పరీక్షకి), అర్థం కాని కాగితాలకి ఎక్కువ జంకుతున్నారు.

బయాప్సీ సూదికి వచ్చే ముక్క మొత్తం లివర్‌లో దాదాపు 50 వేలో వంతు. అదే స్లైడు చూసి ఇద్దరు పాథాలజిస్టులు ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చలు కట్టడం) దశను చెరో రకంగా చెప్పడమూ ఉంది. ఫ్యాటీ లివర్ ముదిరి వచ్చే మ్యాష్ జబ్బుకు 2024 మార్చిలో అమెరికాలో ఆమోదం పొందిన రెస్మెటిరోమ్‌నే చూడండి. 966 మందితో చేసిన ట్రయల్‌లో మొదట ఒకసారి, 52 వారాలకు మరోసారి బయాప్సీ. మందు వాడినవాళ్లలో సుమారు పావు వంతు మందికి ఫైబ్రోసిస్ కనీసం ఒక దశ తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ 14 శాతం మందికి తగ్గింది! తిండీ బరువూ మారి ఉండొచ్చు, సూది ఇంకో చోట దిగి ఉండొచ్చు. కనీసం ట్రయల్‌లోకి తీసుకునేముందు ఫైబ్రోస్కాన్ (సూది లేకుండా లివర్ గట్టిదనాన్ని కొలిచే స్కాన్), రక్తపరీక్షలతో వడపోత చేయమని డాక్టర్లను అడిగాం. అంతా స్కాన్‌తోనే సరిపెట్టలేం, అందులో అంకె తగ్గినంత మాత్రాన రోగి ఆయుష్షు పెరిగిందని చెప్పలేం కదా అన్నారు. వాళ్ల మాటలో న్యాయముంది. బయాప్సీని పూర్తిగా తీసేయమని అందుకే పట్టుబట్టలేదు.

ఒక సాయంత్రం సమ్మతి పత్రాన్ని అందరం కూర్చుని గట్టిగా చదివాం. 'యాదృచ్ఛిక కేటాయింపు' (ఎవరికి మందో, ఎవరికి ఉత్తుత్తి మాత్రో తేల్చే పద్ధతి) దగ్గర బండి ఆగింది. "అంటే చీటీలు తీసినట్టా?" అని ఒకావిడ అడిగారు. అంతే. ఆ ముక్కే రాయొచ్చుగా! అలాంటి మాటలన్నీ మార్చి రాసిన ప్రతిని పరిశోధకులకు ఇచ్చాం.

సిరోసిస్ (మచ్చలతో లివర్ గట్టిపడిపోవడం) ముదిరితే లివర్ వడకట్టాల్సిన అమ్మోనియా లాంటివి మెదడుకు చేరి మగత, తికమక వస్తాయి. ఒక సభ్యురాలు తన భర్తతో రోజూ పొద్దున్నే సంతకం పెట్టించే నోటుపుస్తకం తెచ్చి చూపించారు. సోమవారం సంతకం గుండ్రంగా ఉంది. గురువారానికి గీత కిందికి జారింది. శుక్రవారం పేరులో రెండక్షరాలు లేవు. ఆ శుక్రవారం నాడు సమ్మతి పత్రం ముందు పెడితే? మనిషి తేటగా ఉన్న రోజు, ఇంటివాళ్లు పక్కన ఉండగా అడగాలని, తర్వాతి విజిట్‌లో మళ్లీ అడగాలని రాసి ఇచ్చాం. నర్సులు ఈ మాటను వెంటనే అందుకున్నారు.

పొట్టలో నీరు చేరినవాళ్లను చాలా ట్రయల్స్ గుమ్మంలోనే ఆపేస్తాయి. దెబ్బతిన్న లివర్ మందును సరిగా విరగ్గొట్టలేదు కాబట్టి ఆ జాగ్రత్త కొంతవరకు సబబే. కానీ మందు అవసరం ఎక్కువ ఉన్నది వాళ్లకే. దీని మీద రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

పిత్తనాళాల జబ్బులవాళ్లు రాత్రిళ్లు పడే దురదను 0 నుంచి 10 వరకు అంకెల్లో రాసుకునే డైరీలు పంచాం. మొదటి నెల దాటాక రాసినవాళ్లు తక్కువ. తప్పు మనదే, పేజీకి అన్ని గళ్లు పెట్టకుండా ఉండాల్సింది.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. ట్రయల్స్‌లో రోగులకు అన్యాయం జరగకుండా చూసే నీతి కమిటీలో సామాన్య సభ్యుడి స్థానానికి మన తరఫున ఎవరి పేరు ప్రతిపాదించాలో సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. ఆసక్తి ఉన్నవాళ్లు ముందుగా కార్యదర్శికి చెప్పండి.