జేజిని ప్లానెటేరియానికి తీసుకుపో

కర్నూలు

నాయనా,

మేమంతా బాగున్నాం. వచ్చే వారం జేజి కంటి చెకప్‌కి హైదరాబాద్ వస్తోంది కదా. డాక్టరు దగ్గర పని ఒక పూటలో అయిపోతుంది. మర్నాడు ఆమెను షాపింగ్ మాల్‌కు తిప్పొద్దు, నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటేరియానికి, అదే గుమ్మటం లోపల చుక్కల ఆకాశం చూపించే చోటుకి తీసుకుపో. ఎందుకో ఫోన్లో చెబితే హడావుడిలో వినవని రాస్తున్నా.

జేజి బడికి పోలేదు గానీ ఆకాశం తెలిసిన మనిషి. పత్తికొండ దగ్గర మన చేని పనంతా కార్తెల లెక్క మీదే నడిచింది. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరుంటే అది ఆ కార్తె. 27 నక్షత్రాలు, ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటీ 13, 14 రోజులు. మృగశిరలో వాన పడిందంటే జేజి విత్తనాల మూట విప్పేది. అంతకు ముందు వచ్చే రోహిణి ఎండ సంగతి నీకు తెలిసిందే, రోళ్లు పగిలే ఎండ.

అయితే రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం కనపడదు. జూన్ 1 ప్రాంతంలో సూర్యుడు దాని పక్కనే ఉంటాడు. రెండూ దాదాపు కలిసే పొడుస్తాయి, కలిసే కుంకుతాయి. చిన్నప్పటి నుంచీ ఆ కార్తె పేరు చెప్పుకుంటూ బతికిన జేజి, ఆ రోజుల్లో ఆ చుక్కను ఒక్కసారీ చూడలేదు. బయట ఎవరికీ కుదరదు. ప్లానెటేరియం గుమ్మటం కింద కుదురుతుంది. పగటి వెలుగు తీసేసి, సూర్యుణ్ణి అక్కడే ఉంచి, వెనకనున్న చుక్కల్ని చూపించొచ్చు. నువ్వు ఆమెకు చూపించాల్సింది ఇదే. ఆ రోజు షోలో అది లేకపోతే, అయిపోయాక అక్కడి వాళ్లను అడుగు, 'మా జేజి రైతు, కార్తెల గురించి తెలుసుకోవాలంటోంది' అని. సైన్స్ చెప్పేవాళ్లకు ఇలాంటి ప్రశ్నంటే ఇష్టం. నేనూ టీచర్నే కదా, ఆ సంగతి నాకు తెలుసు.

సంక్రాంతికి నీకు సెలవు దొరకలేదు. ఆ రాత్రి 9 గంటలప్పుడు జేజి మిద్దె మీద మంచం వేయించుకుని పడుకుంది. కంటి ఆపరేషన్ తర్వాత పల్లెలో ఆకాశం చూడటం అదే మొదలు. ముందు పిల్లలకోడిని, అంటే కృత్తికల చుక్కల గుంపును వెతుక్కుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని, వేలు ఆడిస్తూ పిల్లల్ని లెక్కపెట్టి 'ఆరు' అంది. శుక్లాలు ముదిరాక ఆమెకు అక్కడ మసక తప్ప ఏమీ కనపడేది కాదు. పక్కనే ఎర్రగా రోహిణి. కర్నూలు వాళ్లకు అది దాదాపు నడినెత్తి మీదుగా పోతుంది. అక్కణ్ణుంచి వెలుతురు రావడానికి సుమారు 65 ఏళ్లు పడుతుందని చెప్పాను. జేజి కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'నాకు పెండ్లి కాకముందే బయల్దేరిందన్నమాట' అంది. నా తరగతిలో ఏ పిల్లవాడూ ఇంత తొందరగా దాన్ని తన లెక్కలోకి తెచ్చుకోలేదు.

ఇక వెళ్లేటప్పటి సంగతులు. షోలు తెలుగులోనూ ఉంటాయి, టైము ముందే కనుక్కో, ఇంగ్లీషు షోకి మాత్రం తీసుకుపోవద్దు. కొండ ఎక్కించొద్దు, ఆటో పైదాకా పోతుందేమో అడుగు. లోపల పూర్తిగా చీకటి చేస్తారు, తల వెనక్కి వాల్చి చూడాలి. ఆకాశం గిర్రున తిప్పినప్పుడు మనమే తిరుగుతున్నట్టు ఉంటుంది, ఆమెకు ముందే చెప్పి చెయ్యి పట్టుకో. ఫోన్ మాత్రం తీయొద్దు, ఆ వెలుగు పడితే చీకటికి అలవాటుపడిన కళ్లు మళ్లీ మొదటికొస్తాయి. అక్కడ కృత్తికలంటే పిల్లలకోడి అనీ, ఓరియన్ అనే వేటగాడి ఆకారపు చుక్కల గుంపు నడుములోని మూడు చుక్కలంటే గొల్లకావడి అనీ ఆమె చెవిలో చెప్పు. అరుంధతిని కూడా చూపించు. పెండ్లిలో పట్టపగలు చూపించారట, ఏమీ కనపడకపోయినా తలూపానని చెబుతుంటుంది.

ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో నువ్వూ గమనించు. మనమున్న అక్షాంశం ఎంతో అదీ అంతే ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్‌లో 17 డిగ్రీలు దాటి, కర్నూల్లో 16కి కాస్త తక్కువ. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే సుమారు 10 డిగ్రీలు. అంటే మనకు పిడికిలిన్నర ఎత్తులోనే ఉంటుంది, ఊళ్లో చెట్టో మేడో అడ్డం వచ్చేస్తుంది.

ఇలా చుక్కలు చూపించే యంత్రాన్ని మొదట జర్మనీలో జైస్ కంపెనీ చేసింది, 1923లో మ్యూనిక్‌లో చూపించారు. హైదరాబాద్‌లోని ప్లానెటేరియాన్ని 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు. పక్కనే సైన్స్ మ్యూజియంలో గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకల గూడు నిలబెట్టారు. జేజికి ఓపిక ఉంటేనే అక్కడికి పో, లేకపోతే వద్దు. ప్లానెటేరియం ఒక్కటి చాలు.

తను ఏమేం అడిగిందో ఒక కాగితం మీద రాసి పెట్టు. నీకు జవాబు తెలియనివి నాకు పంపు, బడిలో పిల్లల చేత వెతికిస్తాను. బుధవారం పొద్దున బస్సు ఎక్కిస్తాను, ఎంజీబీఎస్‌లో దిగుతుంది. నువ్వు ముందే వెళ్లి ఉండు.

మీ అమ్మ