కువైట్ సిస్టర్ గారికి, ఖైతాన్ బాబాయిలకు మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

మాది రాజోలు దగ్గర ఊరు. నాన్న చాలా ఏళ్ళుగా కువైట్‌లో కంపెనీ డ్రైవరు. మొన్న వేసవిలో అక్కడే గుండెపోటు వచ్చింది. ఇప్పుడు ఇంటికి వచ్చేశారు, బాగున్నారు. ఆయన్ని మాకు దక్కించిన వాళ్ళలో చాలామంది మొహం కూడా నేను చూడలేదు. ఫోన్లో చెప్పింది సరిపోలేదనిపించి ఇలా రాస్తున్నాను.

ముందు కువైట్‌లోని ఖైతాన్‌లో నాన్నతో ఒకే రూంలో ఉన్న బాబాయిలకు. తెల్లవారుజామున గుండెల మీద బరువు పెట్టినట్టుందని, చెమటలు పోస్తున్నాయని నాన్న అంటే గ్యాసేలే అని మీరు వదిలెయ్యలేదు. ఆయన వద్దంటున్నా 112కి ఫోన్ చేశారు, అక్కడి గుర్తింపు కార్డు సివిల్ ఐడీ వెతికి జేబులో పెట్టి మరీ అంబులెన్సు ఎక్కించారు. ఆ తర్వాత వంతులేసుకుని ఆసుపత్రి దగ్గరే ఉన్నారు. డ్యూటీ మానితే జీతం కోస్తారని తెలిసి కూడా.

ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం చాలా బాగా జరిగింది. వెళ్ళగానే ఈసీజీ తీశారు, ఆ పూటే మణికట్టు దగ్గర నుంచి యాంజియో (గుండె రక్తనాళాల పరీక్ష) చేసి, మూసుకున్న నాళం తెరిచి ఉంచే స్టెంట్ వేశారు. పరాయి దేశం డ్రైవరని ఎవరూ చిన్నచూపు చూడలేదు. కాకపోతే నాన్నకు వచ్చిన అరబ్బీ బండి తోలడం వరకే. తనకేం చేస్తున్నారో తెలియక మొదటి రోజంతా బెదిరిపోయి ఉన్నారట.

అప్పుడు దేవుడిలా వచ్చారు ఆ వార్డు సిస్టర్ గారు. కేరళ ఆవిడ. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. హిందీలో నిదానంగా నాన్నకు చెప్పి, డ్యూటీ దిగాక నాకు వీడియో కాల్ చేసి మళ్ళీ మొత్తం చెప్పేవారు. అక్కడికీ మనకీ రెండున్నర గంటల తేడా, మాకు అర్ధరాత్రి అయ్యేది. అమ్మ నిద్రపోకుండా ఆ ఫోన్ కోసమే కూర్చునేది.

డిశ్చార్జి రోజు ఆవిడ చేసిన పని విలువ మాకు తర్వాత తెలిసింది. డిశ్చార్జి సమ్మరీ, యాంజియో సీడీ, స్టెంట్ కార్డు అన్నీ అడిగి తీసుకుని ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టారు. అక్కడి మాత్రల పేర్లు మన మెడికల్ షాపుల్లో దొరకవని, ప్రతి డబ్బా మీదా అసలు మందు పేరు పెన్నుతో రాశారు: క్లోపిడోగ్రెల్ 75, ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్. మొదటి రెండింటి కింద ఎర్ర గీత కొట్టి, గుండె డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకండి, స్టెంట్‌లో రక్తం గడ్డకడుతుంది అని నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు.

నాన్న వచ్చిన కొత్తలోనే పన్ను నొప్పి వచ్చింది. పన్ను తీయాలంటే రక్తం పలచన చేసే మాత్రలు ఆపాలని ఒకరు సలహా ఇచ్చారు. ఆ ఎర్ర గీత గుర్తొచ్చి మేము ఆపలేదు. కవరు పట్టుకుని ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరు గారు సీడీ కంప్యూటర్లో వేసి చూసి, మళ్ళీ యాంజియో అక్కర్లేదన్నారు, మాత్రలు ఆపనందుకు మెచ్చుకున్నారు. "ఇంత పద్ధతిగా కాగితాలు తెచ్చేవాళ్ళు తక్కువమ్మా" అన్నారు. ఆ మెప్పు మీదే సిస్టర్ గారూ. కాకినాడ డాక్టరు గారికి కూడా మా నమస్కారాలు.

గల్ఫ్‌లో మనవాళ్ళున్న కోనసీమ ఇళ్ళన్నిటికీ ఒక మాట. అక్కడ ఆసుపత్రిలో చేరితే ఇదే విధంగా కాగితాలు, సీడీ అడిగి తీసుకోమనండి. విదేశాలకు పనికి వెళ్ళేవాళ్ళు వెళ్ళే ముందు కట్టే ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ కాపీ ఇంట్లో కూడా ఒకటి ఉంచండి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలే. మా ఏజెంటు ఆ కాగితం మాకు ఇవ్వనే లేదు.

బాబాయిలూ, నాన్న టికెట్టుకు మీరంతా వేసుకున్న దినార్లు తిరిగి పంపుతామంటే ఒక్కరూ అకౌంట్ నంబరు ఇవ్వడం లేదు. నాన్న రోజూ అడుగుతున్నారు. దయచేసి ఈ పోస్టు చూసైనా పంపండి.